పాత ప్రజాభవనానికి అభివృద్ధి భాగస్వామి: విశాఖలో ఒక పునరుద్ధరణ సంస్థ పనితీరుపై సమీక్ష

విశాఖపట్నం వన్ టౌన్‌లో, కోట వీధికి కూతవేటు దూరంలో, నూరేళ్లు దాటిన ఒక పఠనాలయ భవనం మా ట్రస్టు ఆధీనంలో ఉంది. ముందు భాగంలో పెంకుల కప్పుతో పెద్ద సభామందిరం, దాని చుట్టూ వరండా, వెనుక మిద్దె కప్పు ఉన్న గదులు. ఈ భవనాన్ని పునరుద్ధరించి, వెనుక గదులను కొంతకాలం ఆదాయం వచ్చే పద్ధతిలో నిర్వహించి, ఆ ఆదాయంలో ఒక భాగాన్ని భవనం పోషణకే ఖర్చు చేసేలా ఒక సంస్థను అభివృద్ధి భాగస్వామిగా తీసుకున్నాం. ఆ సంస్థను ఎలా పరీక్షించి ఎంచుకున్నామో, పనిలోకి దిగాక అది ఎలా నడుచుకున్నదో ఇక్కడ రాస్తున్నాను. ఒప్పందం ఇంకా నడుస్తోంది, చెప్పవలసిన లోపాలూ ఉన్నాయి కనుక సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి భవనాలు చేతిలో ఉన్న పాఠశాల యాజమాన్యాలకు, సత్రాల కమిటీలకు, పురపాలక అధికారులకు ఆ పేరు కంటే పరీక్షించే పద్ధతే ఎక్కువ పనికి వస్తుంది.

తీర్పు ముందే చెబుతాను. భవనం ఎందుకు పాడవుతోందో కనిపెట్టడంలోనూ, సున్నం పనిలోనూ ఈ సంస్థ చాలా బాగుంది. కప్పు పనిలో బాగుంది. పనివాళ్ల మీద రోజువారీ అజమాయిషీలో అంతంత మాత్రమే. ఆదాయపు అంచనాల విషయంలో దాని లెక్కలను యథాతథంగా నమ్మకూడదు.

టౌన్ హాలు, క్వీన్ మేరీ బాలికల పాఠశాల, కురుపాం మార్కెట్ ముఖద్వారం, 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రి పాత విభాగాలు, 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయపు తొలినాటి భవనాలు, భీమిలిలోని డచ్చివారి సమాధులు వేటికవే వేరైనా, వాటన్నిటికీ ఉమ్మడి శత్రువు ఒక్కటే. అది సముద్రపు గాలిలో వచ్చే ఉప్పు. హైదరాబాదులోనో తిరుపతిలోనో పాత కోటలు, మండపాలు బాగుచేసిన అనుభవం ఉన్నంత మాత్రాన ఒక సంస్థకు విశాఖ గోడలు అర్థమవుతాయని అనుకోవడానికి లేదు. వాతావరణంలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటగానే గోడలో ఉన్న ఉప్పు గాలిలోని తేమను లాక్కుని కరుగుతుంది. అంతకంటే తగ్గితే మళ్లీ స్ఫటికంగా గట్టిపడుతుంది. మన ఊళ్లో ఆర్ద్రత ఈ గీతకు అటూ ఇటూ ఏడాది పొడవునా ఊగుతూనే ఉంటుంది. స్ఫటికం కట్టిన ప్రతిసారీ ఇటుక పొరలను, పూతను లోపలి నుంచి నెడుతుంది, పూత పొడిపొడిగా రాలుతుంది. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా ఈ వ్యవహారం ఆగదు సరికదా, గాలి ఆడని రంగు వేస్తే లోపల మరింత ముదురుతుంది. పైన పటారం లోన లొటారం అనే మాట మన ఊళ్లో రంగులు వేసి వదిలేసిన పాత భవనాలకు అక్షరాలా వర్తిస్తుంది.

అందువల్ల మా ప్రకటనకు స్పందించిన సంస్థలన్నిటినీ మొదట ఒకటే అడిగాం: ధర చెప్పకముందు భవనాన్ని పరిశీలించి, ఏం పాడైందో, ఎందుకు పాడైందో ఒక నివేదిక ఇవ్వండి, దానికి అయ్యే రుసుము మేమే ఇస్తాం. డబ్బిచ్చి నివేదిక తీసుకోవడం ట్రస్టులో కొందరికి దుబారాగా కనిపించింది. ఊరికే వచ్చే నివేదిక ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి కనుక నేను పట్టుబట్టాను. రుసుము తీసుకున్న సంస్థ తన నివేదికకు జవాబుదారీ అవుతుంది. ఉచితంగా ఇచ్చే సంస్థ పని తనకే వస్తుందనే లెక్కతో, ఏది ఎక్కువ బిల్లు అవుతుందో దాన్నే జబ్బుగా చూపిస్తుంది.

వచ్చిన నివేదికల మధ్య తేడా ఆశ్చర్యం కలిగించింది. ఒక సంస్థ ఇచ్చిన పుస్తకంలో సగం డ్రోను ఫొటోలు, మిగిలిన సగం రాత్రి దీపాల వెలుగులో భవనం ఎలా మెరిసిపోతుందో చూపే కంప్యూటరు బొమ్మలు. గోడల గురించి రెండే పేజీలు, వాటిలో రీబౌండ్ హామర్‌తో కొట్టి చూసిన అంకెల పట్టిక. ఆ పరికరం కాంక్రీటు ఉపరితలపు గట్టిదనాన్ని బట్టి దాని బలాన్ని అంచనా వేయడానికి తయారైనది. మెత్తని సున్నంతో కట్టిన ఇటుక, రాతి గోడ మీద దానితో వచ్చే అంకెకు అర్థం లేదు. ఆ పట్టిక చూడగానే ఆ సంస్థకు పాత గోడ అంటే బలహీనమైన కాంక్రీటు అనే అభిప్రాయం ఉందని తేలిపోయింది. మరో సంస్థ గోడలన్నీ సిమెంటుతో గ్రౌటింగు చేసి, అంటే లోపలి సందుల్లోకి సిమెంటు నీళ్లు ఎక్కించి, బయట సిమెంటు పూత వేసి, దాని మీద నీరు చొరబడని రసాయనం పూయాలని రాసింది. ధరల్లో అదే అన్నిటికంటే తక్కువ.

ఇక్కడే ఎల్‌-1 పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. అతి తక్కువ ధర కోట్ చేసినవారికే పని అప్పగించే అలవాటు మన ప్రభుత్వ పనుల్లో ఎంత లోతుగా పాతుకుపోయిందో ఇంజినీరింగు శాఖల్లో పనిచేసినవారికి చెప్పనక్కర్లేదు. కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన సూచనల్లో, నిర్మాణ పనులకు కూడా నాణ్యతను, ధరను కలిపి తూచే పద్ధతిని అనుమతించింది. అయితే ధరేతర అంశాలకు ఇచ్చే బరువు 30 శాతం మించరాదని పరిమితి పెట్టింది. మాది ప్రభుత్వ ట్రస్టు కాదు కనుక ఆ పరిమితి మాకు వర్తించదు. మేము దాన్ని తలకిందులు చేసి, సాంకేతిక అంశాలకు 70, ధరకు 30 పెట్టుకున్నాం. ప్రభుత్వ భవనాల విషయంలో ఈ వెసులుబాటు ఉండదు కనుక, ఆ అధికారులు కనీసం పరిశీలన నివేదికను వేరే పనిగా, సలహా సేవగా విడదీసి టెండరు పిలవవచ్చు. అసలు పని ఎవరికి వెళ్లినా, ఏం చేయాలో ఏం చేయకూడదో అప్పటికే కాగితం మీద ఉంటుంది.

మేము ఎంచుకున్న సంస్థ నివేదిక చూడటానికి అందంగా లేదు. గోడలన్నిటినీ గళ్లుగా విభజించి, ప్రతి గడిలో పూత గుల్లబారిందా, చెమ్మ ఎంత ఎత్తు వరకు ఎక్కింది, ఉప్పు పూసిందా, పగులు పాతదా కొత్తదా అని చేత్తో గుర్తులు పెట్టిన పటాలే అందులో ఎక్కువ. వారి ఇంజినీరు, వారితో వచ్చిన పెద్ద మేస్త్రీ కలిసి చెక్క సుత్తితో గోడను అంగుళం అంగుళం తట్టుతూ వెళ్తుంటే నేను పక్కనే నడిచాను. గట్టిగా అంటుకున్న పూత తట్టితే ముద్దగా శబ్దం వస్తుంది. గోడ నుంచి విడిపోయిన పూత డబ్బాలా మోగుతుంది. సముద్రం వైపు గోడలో పై భాగమంతా ముద్దగా పలికి, నేల నుంచి నడుము ఎత్తు వరకు మాత్రం డబ్బాలా మోగింది. ఆ నడుము ఎత్తు పట్టీ కొన్ని దశాబ్దాల క్రితం ఎవరో మరమ్మతు పేరుతో వేసిన సిమెంటు పూత. నేను మేస్త్రీని అడిగాను, దీన్నే మళ్లీ గట్టిగా వేస్తే సరిపోదా అని. ఆయన ఆ పట్టీకి సరిగ్గా పైన తెల్లగా ఉప్పు పూసిన చోట వేలు పెట్టి చూపిస్తూ, "ఇక్కడ సిమెంటు కొడితే లోపలున్న తడి ఎటు పోతాది బాబూ? అడ్డం పెట్టిన కాడికి పైకెక్కి, ఇదిగో ఇలాగ బైటికొస్తాది" అన్నారు. సిమెంటు పట్టీని మరో అడుగు పెంచి ఉంటే ఉప్పు కూడా మరో అడుగు పైకి ఎక్కేది.

నివేదికలో నాకు అన్నిటికంటే నచ్చినది, చేయనక్కర్లేని పనుల గురించి రాసిన భాగం. తూర్పు గోడలో ఉన్న పెద్ద పగులును చూసి ట్రస్టులో అందరమూ భయపడుతూ వచ్చాం. సంస్థ దాని మీద గాజు పలకలు అతికించి, ఒక వర్షాకాలం గడిచేదాకా ఆగింది. గాజు పగలలేదు. పగులు పాతదనీ, పునాది ఎప్పుడో కుంగి సర్దుకున్నదనీ, సున్నపు మాలుతో, అంటే సున్నం, ఇసుక కలిపిన అడుసుతో, నింపితే చాలుననీ రాసింది. పోటీలో ఉన్న మరో సంస్థ అదే పగులుకు పునాదుల కింద కాంక్రీటు వేయాలని లెక్క కట్టింది. తన బిల్లు తగ్గించుకునే సలహా ఇచ్చిన సంస్థకు మా కమిటీలో ఎక్కువ మార్కులు పడ్డాయంటే అందులో వింత లేదు.

ముఖాముఖిలో కూడా సంస్థ నిలబడింది. మా సభ్యుల్లో కొందరు పెద్దలు భవనం నెత్తిన గడియారపు గోపురం కట్టించాలని ముచ్చటపడ్డారు. ఒకప్పుడు ఉండేదని వారి తండ్రులు చెప్పారట. సంస్థ తరఫున వచ్చిన వాస్తుశిల్పి ఫొటో గానీ, పాత పటం గానీ, లెక్కల పుస్తకంలో ఆనవాలు గానీ ఉందా అని అడిగారు. లేదన్నాం. అయితే కట్టలేమని మర్యాదగానే, కానీ సందేహం లేకుండా చెప్పారు. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలన్నది పాత కట్టడాల పరిరక్షణపై అంతర్జాతీయంగా ఒప్పుకున్న 1964 నాటి వెనిస్ ప్రకటనలో ఉన్న నియమం. 2004లో మన దేశంలో వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ రూపొందించిన ప్రకటన మన దేశపు పరిస్థితులను దృష్టిలో పెట్టుకుని, పరంపరగా వచ్చిన మేస్త్రీల, శిల్పుల పనితనానికి పెద్దపీట వేసింది. ఈ రెండింటి మధ్య తేడా ఏమిటి, మన భవనానికి ఏది ఎక్కడ పనికి వస్తుంది అని అడిగితే వారు పుస్తకం చూడకుండా, మా భవనపు కిటికీ కమానులనే ఉదాహరణగా తీసుకుని చెప్పగలిగారు. మిగిలిన సంస్థలు ఈ పేర్లను తమ పత్రాల్లో అచ్చువేసుకున్నాయి, అంతే.

ఇక సున్నం. ఈ సమీక్షలో దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే పాత భవనం పనిలో సంస్థ నిజరంగు బయటపడేది ఇక్కడే. 53 గ్రేడు సిమెంటును ప్రమాణాల ప్రకారం పరీక్షిస్తే 28 రోజులకు 53 మెగాపాస్కళ్ల (ఒత్తిడిని తట్టుకునే శక్తికి కొలత) బలం రావాలి. పాత డంగు సున్నపు మాలు బలం సాధారణంగా ఒకటి రెండు మెగాపాస్కళ్లు. అంకెలు చూసి సిమెంటే మేలనుకునేవారు, గోడలో రాయి, ఇటుక ఎంత మెత్తనివో చూడరు. మాలు ఇటుక కంటే మెత్తగా ఉంటే, గోడ కదిలినప్పుడు మాలు చిట్లుతుంది, తేమ మాలు గుండా బయటికి పోతుంది, పాతికేళ్లకో యాభై ఏళ్లకో సందులు మళ్లీ నింపుకుంటే సరిపోతుంది. మాలు ఇటుక కంటే గట్టిదైతే చిట్లేది ఇటుకే, దాన్ని తిరిగి తెచ్చుకోలేం. మా ప్రాంతపు కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైటు రాయి. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కాలక్రమంలో మట్టిగా మారిపోతుంది కనుక, ఆ రాయి వాడిన గోడలకు ఈ జాగ్రత్త రెండింతలు కావాలి.

సంస్థ పాత మాలు ముక్కలను ప్రయోగశాలకు పంపింది. మామూలుగా ఆ ముక్కలను సజల హైడ్రోక్లోరికామ్లంలో వేస్తే సున్నం కరిగి ఇసుక మిగులుతుంది, ఆ రెంటి నిష్పత్తి తెలుస్తుంది. సముద్రతీరంలో ఈ లెక్క ఒక్కటే నమ్మితే బోల్తా పడతాం. మాలులో గవ్వల, చిప్పల ముక్కలు ఉంటే అవి కూడా సున్నంతో పాటే ఆమ్లంలో కరిగిపోతాయి, అసలు వేసినదానికంటే ఎక్కువ సున్నం ఉన్నట్లు చూపిస్తాయి. ప్రయోగశాల మొదట ఇచ్చిన నిష్పత్తి అలాగే అనుమానం కలిగించేంత ఎక్కువగా వచ్చింది. సంస్థవారు దాన్ని పట్టుకుని, పలుచగా కోసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూపించాలని అడిగి, చిప్ప ముక్కలను వేరుగా లెక్కించి, నిష్పత్తిని సరిదిద్దారు. మేము అడగలేదు, మాకు తెలిసే అవకాశమూ లేదు.

ఆ తరువాత వెనుక గోడ మీద, ఎవరూ చూడని చోట, వేర్వేరు మిశ్రమాలతో పక్కపక్కన నమూనా పూతలు వేశారు. ఒకటి సున్నం, నది ఇసుక మాత్రమే. ఒకదానిలో ఇటుక పొడి కలిపారు. మరొకదానిలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు వాడారు. సముద్రపు ఇసుకను గేటు దాటనివ్వలేదు. సున్నాన్ని ముందే నానబెట్టి, నీళ్ల కింద తొట్టెల్లో వారాల తరబడి మగ్గనిచ్చారు. పూత వేశాక గోనెసంచులు కట్టి తడుపుతూ వచ్చారు, ఎండ నేరుగా తగలకుండా వరండాకు పరదాలు వేశారు. కొంతకాలం తరువాత ప్రతి నమూనా నుంచి చిన్న ముక్క విరిచి, విరిగిన అంచు మీద ఫినాల్‌ఫ్తలీన్ అనే రసాయనం చుక్కలు వేశారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని తిరిగి సున్నపురాయిగా మారిన భాగానికి రంగు రాదు. ఇంకా మారని సున్నం గులాబీ రంగుకు తిరుగుతుంది. అంచుకు రంగు లేదు, నడుమ గులాబీ చార ఉంది. ఎండ ఎక్కువ తగిలే మూలలో వేసిన నమూనాలో ఆ చార అన్నిటికంటే వెడల్పుగా ఉంది, పూత గోకితే పొడి రాలింది. ఎండిపోయిన పూతలో తేమ లేక ఆ మార్పు ఆగిపోయిందన్నమాట. దీన్ని బట్టే పూత పనిని వేసవిలో పెట్టకూడదనీ, తుపాన్లు వచ్చే అక్టోబరు, నవంబరు దాటాక మొదలుపెట్టాలనీ కాలక్రమం సవరించారు. ఇటుక పొడి కలిపిన నమూనా మాకు ఎంపికయ్యింది.

ఈ పద్ధతి వల్ల పని ఆలస్యమైంది. ఆలస్యానికి సంస్థను తప్పుపట్టను. అయితే మొదటి ప్రతిపాదనలోనే కాలక్రమాన్ని ఈ లెక్కతో చూపించి ఉంటే, పఠనాలయం ఎప్పుడు తెరుస్తారని రోజూ అడిగే పాఠకులకు మేము సరైన జవాబు చెప్పగలిగేవాళ్లం. టెండరు గెలవడానికి తక్కువ నెలలు చూపించి, తరువాత సున్నం పేరు చెప్పి పొడిగించుకోవడం ఈ రంగంలో అలవాటుగా మారినట్లుంది.

కప్పు విషయానికి వస్తే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలులతో ఊరిని తాకినప్పుడు మా సభామందిరం పెంకుల్లో చాలావరకు ఎగిరిపోయాయి. తరువాత జీఐ తీగతో కట్టించిన పెంకులు కొన్నేళ్లకే తీగ తుప్పుపట్టి మళ్లీ వదులయ్యాయి. సంస్థ ఈసారి పాత పెంకుల్లో మంచివాటిని ఏరి, తక్కువైనవాటికి అదే కొలతల పాత పెంకులు వెతికి తెచ్చి, అంచు వరుసలన్నిటినీ రాగి తీగతో రీపర్లకు, అంటే పెంకుల కింది చెక్క బద్దలకు, కట్టించింది. టేకు దూలాలను పైపైన చూసి వదలక, గోడలో కూర్చునే కొనలను తవ్వి చూశారు. చెమ్మ, చెద పట్టేది అక్కడే. పాడైన కొనలను మాత్రం కోసి, కొత్త టేకు ముక్కను అతికి, 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులతో బిగించారు. మన ఊరికి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం నిర్దేశించే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ లెక్కతో కప్పును గోడకు పట్టి ఉంచే పట్టీల లెక్కలు కూడా ఇచ్చారు. ఈ భాగంలో నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు.

ఫిర్యాదులు మొదలయ్యేది సంస్థ పెద్దలు సైటులో లేని రోజుల దగ్గర. నివేదిక రాసిన ఇంజినీరు, నమూనాలు వేసిన పెద్ద మేస్త్రీ పని సగానికి వచ్చేసరికి మరో ఊళ్లో మరో పనికి వెళ్లిపోయారు. వారి స్థానంలో వచ్చినవారు కష్టపడే మనుషులే, కానీ సున్నంతో చేయి తిరిగినవారు కాదు. విద్యుత్ పనిని సంస్థ వేరొకరికి ఉపకాంట్రాక్టు ఇచ్చింది. వారి మనిషి వచ్చి, కొత్తగా వేసిన సున్నపు పూతలో నిలువునా కట్టరుతో గాడి కోసి, పైపు పెట్టి, గాడిని సిమెంటుతో మూసేశాడు. నేను వెళ్లేసరికి రెండు గోడలు అయిపోయాయి. తీగలన్నిటినీ గోడ మీద కనిపించేలా, పాత పద్ధతిలో చెక్క పట్టీల మీద తీసుకుపోవాలని నక్షాల్లో స్పష్టంగా గీసి ఉంది. ఆ నక్షా ఆ విద్యుత్ పనివాడికి ఎవరూ చూపించలేదు. సంస్థకు ఫోను చేస్తే క్షమాపణ చెప్పి, తమ ఖర్చుతో సిమెంటు తీసి పూత మళ్లీ వేయించారు. అది వారి మర్యాద. కానీ ఆ గాడులు కోసిన చోట పాత ఇటుకల అంచులు పోయాయి, అవి తిరిగి రావు.

వరండా నేల విషయంలోనూ ఇలాగే జరిగింది. పాత గచ్చు నేలను కాపాడతామని రాసి, తీరా పని వేగం పెంచాలన్నప్పుడు పగిలిన చోట్ల బజారులో దొరికే టైల్సు పరిచేందుకు సిద్ధమయ్యారు. మేము ఆపించాం. చక్రాల కుర్చీలకు ఒకటికి పన్నెండు వాలుతో వేసిన ర్యాంపును మాత్రం పాత మెట్లను ముట్టుకోకుండా, అవసరమైతే రేపు విప్పి తీసేలా ఉక్కు చట్రం మీద విడిగా నిలబెట్టారు, అది మెచ్చుకోవలసిన పని.

అందువల్ల ఇటువంటి సంస్థతో ఒప్పందం రాసుకునేవారికి నేను గట్టిగా చెప్పేది, సంస్థ పేరుతో కాక మనుషుల పేర్లతో రాసుకోండి అని. ఫలానా ఇంజినీరు, ఫలానా మేస్త్రీ పని పూర్తయ్యేదాకా సైటులో ఉంటారని, వారు మారితే కొత్తవారి చేత మళ్లీ నమూనా పూత వేయించి మనం ఒప్పుకున్నాకే పని సాగాలని, ఉపకాంట్రాక్టరు సైటులో అడుగు పెట్టేముందు నక్షాల మీద సంతకం చేయాలని. మా ఒప్పందంలో మొదటిది ఉంది, మిగిలినవి లేవు. ఉన్న మొదటిదానికీ జరిమానా నిబంధన లేక పదును లేకపోయింది.

ఇక అభివృద్ధి భాగస్వామ్యం అనే రెండో సగం. సంస్థ మొదటి ప్రతిపాదనలో భవనం మొత్తాన్ని 30 ఏళ్లకు లీజుకు అడిగింది. ముందు హాలులో ప్రదర్శనశాల, వెనుక రెస్టారెంటు, పైన చిన్న హోటలు గదులు, పఠనాలయానికి ఒక మూల. వారాంతాల్లో ఆర్కే బీచికి వచ్చే జనంలో ఇంత శాతం పాతనగరం వైపు వస్తారని ఒక అంకె వేసుకుని, దాని మీద ఏడేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుందని పట్టిక గీశారు. ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే సరైన జవాబు లేదు. పాత పోస్టాఫీసు నుంచి మా వీధిలోకి కారు తిప్పాలంటే ఎంత అవస్థో ఈ ఊరివారికి తెలుసు. కారు నిలిపే చోటు గురించి ఆ పట్టికలో మాటే లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఉప్పు, చెమ్మలతో పోరాడి బాగుచేసిన సున్నపు గోడల మధ్య పగలంతా ఆవిరి, నూనె పొగ వచ్చే వంటిల్లు పెట్టాలని, ఆ గోడలను అంత బాగా చదివిన సంస్థే ప్రతిపాదించడం నాకు మింగుడుపడలేదు. సంస్థలో పునరుద్ధరణ విభాగం ఒకటి, వ్యాపార విభాగం ఒకటి. రెండూ ఒకరి కాగితాలు ఒకరు చూసుకోవని అప్పుడు అర్థమైంది.

బేరం చాలాకాలం నడిచింది. చివరికి సభామందిరం, పఠనాలయం ట్రస్టు చేతిలోనే ఉన్నాయి. వెనుక గదులు మాత్రం పదేళ్లకు, మూడేళ్లకోసారి సమీక్షతో సంస్థకు ఇచ్చాం. అక్కడ టీ, కాఫీ, బయట వండి తెచ్చిన తినుబండారాలు అమ్మవచ్చు, పొయ్యి పెట్టకూడదు. మరుగుదొడ్లు, నీటి తొట్టెలు పాత గోడలకు ఆనకుండా వెనుక ఖాళీ స్థలంలో విడిగా కట్టాలి. గదులకు మేకు కొట్టాలన్నా ట్రస్టు ఇంజినీరు అనుమతి కావాలి. ఆదాయంలో నిర్ణీత భాగం ప్రత్యేక ఖాతాలో పడుతుంది, దాన్ని భవనం పోషణకు తప్ప దేనికీ తీయకూడదు. సంస్థ ఆశించిన లాభం ఇందులో లేదు, దాన్ని వారు దాచుకోలేదు కూడా. అయినా ఒప్పుకున్నారు, విశాఖలో చూపించుకోవడానికి ఒక పని కావాలన్నది వారి అవసరమని నా అంచనా. ఎదుటివారి అవసరమేమిటో పసిగట్టడం ఇలాంటి బేరాల్లో సగం బలం.

బిల్లుల విషయంలో సంస్థ నిజాయితీగా ఉంది. పాత గోడ విప్పేదాకా లోపల ఏముందో తెలియదు కనుక, అనుకోని పనులకు విడిగా ఒక మొత్తం కేటాయించి, ప్రతి ఖర్చుకూ ముందు ఫొటో, కొలత, తరువాత ఫొటో, కొలత ఉంటేనే చెల్లిస్తామని రాసుకున్నాం. కొలతల పుస్తకాన్ని వారు శ్రద్ధగా నింపారు, ఒకటి రెండు చోట్ల తమకు రావలసినదానికంటే తక్కువే రాసుకున్నారు. పని ముగిశాక ఏ గోడకు ఏ మిశ్రమం, ఇసుక ఎక్కడిది, ఏ దూలానికి ఎక్కడ అతుకు అన్నది పటాలతో సహా అప్పగించాలన్నది నిబంధన. అప్పగించిన పుస్తకంలో కప్పు, గోడల భాగాలు పూర్తిగా ఉన్నాయి. విద్యుత్, నీటి పైపుల పటాలు ఇంకా రాలేదు.

లోపాల బాధ్యత కాలాన్ని, అంటే పని ముగిశాక బయటపడే లోపాలను సంస్థే సరిచేయవలసిన గడువును, సంస్థ ఏడాదిగా ప్రతిపాదించింది. సున్నపు పూతలో ఉప్పు మళ్లీ తలెత్తుతుందా లేదా అన్నది ఒక్క వర్షాకాలంలో తేలదు, అందువల్ల దాన్ని మూడు వర్షాకాలాలకు పెంచి, చివరి బిల్లులో కొంత మొత్తాన్ని నిలిపి ఉంచాం. మొదటి వర్షాకాలం గడిచింది. సముద్రం వైపు గోడ మీద పాత సిమెంటు పట్టీ ఉన్న చోట పలుచగా ఉప్పు కనిపించింది. సంస్థ మనుషులు వచ్చి, తడిపిన కాగితపు గుజ్జును ఆ చోట పట్టించి, ఎండాక తీసి, లోపలి ఉప్పును కొంత లాగారు. ఇదే పని మరో రెండు మూడు సార్లు చేయవలసి ఉంటుందని వారే చెప్పారు. విద్యుత్ పటాలు చేతికి వచ్చి, రెండో వర్షాకాలం తరువాత ఆ గోడలో తేమ, ఉప్పు కొలతలు తగ్గాయని తేలితే, నిలిపిన మొత్తంలో సగం విడుదల చేయాలని కమిటీ తీర్మానించింది.